చుట్ల మధ్య వెలుతురు

తెనాలిలో మా నాన్నకు సైకిలు షాపు ఉండేది. పద్నాలుగు అద్దె సైకిళ్లు, గోడకు వేలాడే పాత టైర్లు, పంక్చరు చూడ్డానికి నీళ్లు నింపిన బేసిన్, గుమ్మం పక్కన చేత్తో కొట్టే గాలిపంపు. పంక్చరు వేయడం, చక్రం వంకర తీయడం ఊళ్లో చాలామందికి వచ్చు. మా నాన్నకు మాత్రం ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా కొత్త సీటు వేయించుకుంటే వెంటనే డబ్బులు తీసుకునేవాడు కాదు. "ఒకసారి ఎక్కి కూర్చో బాబాయ్" అనేవాడు. హ్యాండిల్ పట్టుకుని సైకిలు నిలబెట్టడం నా పని. ఆయన వెనక గొంతుక్కూర్చుని సీటు కింద స్ప్రింగుల్లోకి చూసేవాడు.

మనిషి కూర్చున్నాక స్ప్రింగు చుట్లు కాస్త దగ్గరపడాలి. కానీ చుట్టుకీ చుట్టుకీ మధ్య వెలుతురు కనపడాలి. అదీ ఆయన లెక్క. చుట్లు అసలు కదలకపోతే ఆ స్ప్రింగు ఆ మనిషికి ఇనపకడ్డీతో సమానం. పూర్తిగా మూసుకుపోయినా అంతే. బస్తాల వ్యాపారికి లావు తీగ స్ప్రింగులు, బక్కపలచటి పోస్టుమన్‌కు సన్న తీగవి వేసేవాడు. వెలుతురు సరిపోయిందనిపించాకే లేచి చేతులు తుడుచుకునేవాడు.

నేను చదువుకుని జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్నయ్యాను. స్ప్రింగు మీద బరువు పెరిగేకొద్దీ అది ఎంత కుంగుతుందో ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. అయినా నాన్న చూసే ఆ చూపు మాత్రం మరిచిపోయాను. దాన్ని మళ్లీ గుర్తుచేసింది జర్మనీలో ఒక అద్దె సైకిలు.

మా అమ్మాయి కాపురం మన్‌హైమ్ దగ్గర. రిటైరయ్యాక ఒక వేసవి అక్కడున్నాం. తిరగడానికి నాకో సైకిలు అద్దెకు తీసుకుంది. సీటు కింద రాడ్డు లావుగా ఉంది, లోపల స్ప్రింగు ఉందన్నారు. ఊళ్లో తిరిగే సైకిళ్లకు అక్కడ ఇలాంటి రాడ్డు మామూలే. దాన్ని సస్పెన్షన్ సీట్‌పోస్ట్ అంటారు. మొదటిరోజే రాళ్లు పరిచిన వీధిలో వెళ్లాను. నడుం విరిగినంత పనైంది. స్ప్రింగు వెంట్రుకవాసి కదల్లేదు. ఇంటికొచ్చి సీటు విప్పి రాడ్డు తలకిందులు చేస్తే అడుగున ఆలెన్ కీ పట్టే స్క్రూ కనిపించింది. నాకు ముందు వాడిన భారీ మనిషి కోసం దాన్ని లోపలిదాకా బిగించి వదిలేశారు. నా బరువు 58 కిలోలు. స్క్రూ వదులు చేస్తే కాస్త కదిలింది. షాపువాళ్లను అడిగి లోపలి స్ప్రింగు మార్పించుకుంటే అప్పుడు పనిచేసింది. అదే వీధిలో మళ్లీ వెళ్లినప్పుడు నాన్న వెనకాల గొంతుక్కూర్చుని చూస్తున్నట్టే అనిపించింది.

సీటు కింద స్ప్రింగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆరోజే మొదలైంది. సైకిలు కథ మొదలయ్యేది కూడా మన్‌హైమ్‌లోనే కావడం నా అదృష్టం.

1817 జూన్ 12న కార్ల్ ఫాన్ డ్రైస్ మన్‌హైమ్ నుంచి ష్వెట్సింగెన్ దారిలో రెండు చక్రాల కొయ్యబండి మీద వెళ్లొచ్చాడు. రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు, గంట లోపే. దానికి పెడళ్లు లేవు. రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. చెక్క చక్రాలకు ఇనప పట్టాలు. స్ప్రింగు లేదు, రబ్బరు లేదు. ఉన్నదల్లా కూర్చునేచోట ఒక మెత్త. పాదాలు ఎప్పుడూ నేలకు తగులుతూనే ఉంటాయి కాబట్టి, గుంత వచ్చినప్పుడు ఆ కాళ్లే కుదుపు కాచేవి.

1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు తగిలించారు. కాళ్లు నేలను వదిలిపెట్టాయి. అంతవరకూ కాళ్లు కాసిన కుదుపంతా ఒక్కసారిగా వెన్నెముక మీద పడింది. చక్రాలు కొయ్యవి, పట్టాలు ఇనపవి, కింద రాళ్లు పరిచిన వీధులు. ఇంగ్లీషువాళ్లు ఆ బండిని ఎముకలు కదిపేది అనే అర్థంలో బోన్‌షేకర్ అన్నారు. తయారుచేసినవాళ్లు అప్పటికే ఉన్న ఉపాయం వాడుకున్నారు. గుర్రబ్బండి కింద ఉండే కమాన్ పట్టీ లాంటి పొడవాటి ఉక్కుపట్టీని చట్రం మీద ముందు నుంచి వెనక్కి వంతెనలా వేసి, దాని మీద సీటు పెట్టారు. పెడళ్ల సైకిలుకు పడ్డ తొలి స్ప్రింగు ఇదే. అది చక్రం దగ్గర పడలేదు, మనిషి కింద పడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. పెద్ద చక్రం చిన్న గుంతల్లో దిగదు, మీదుగా దాటిపోతుంది. అందుకే ఆ బండి సాఫీగా సాగేది. రాయి తగిలితే మాత్రం మనిషి తలకిందులుగా ముందుకు పడేవాడు. ఆ ప్రమాదం తప్పించడానికి 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. చక్రాలు చిన్నవయ్యాయి, చైను వెనక చక్రాన్ని తిప్పింది. నేటి సైకిలు పోలిక అక్కడే మొదలైంది. ప్రాణభయం తగ్గింది గాని కుదుపు పెరిగింది. చిన్న చక్రం ప్రతి గుంతలోనూ దిగుతుంది. పైన ఉన్నది గట్టి రబ్బరు పట్టా మాత్రమే.

ఆ నాలుగైదేళ్లూ కుదుపు తగ్గించడమే సైకిలు తయారీదార్ల ముఖ్య సమస్య అయింది. లిన్లీ అండ్ బిగ్స్ కంపెనీ తెచ్చిన విప్పెట్ సైకిలు అప్పటి ఆలోచనల్లో గొప్పది. సీటు, హ్యాండిల్, పెడళ్లు ఈ మూడూ ఒకే కట్టుగా స్ప్రింగు మీద తేలేవి. చక్రాలు కిందామీదా పడినా సీటుకూ పెడలుకూ మధ్య దూరం మారేది కాదు. తొక్కేవాడి మోకాలికి ఆ దూరం ఎంత ముఖ్యమో వాళ్లు అప్పటికే గ్రహించారు.

ఇంతలో 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బోయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. అదే ఏడు పేటెంటు తీసుకున్నాడు. నిజానికి రాబర్ట్ విలియమ్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పొందాడు. అప్పటికి సైకిలు లేదు, ఆ ఆలోచన మరుగున పడింది. 1889లో విలీ హ్యూమ్ అనే రైడర్ గాలి టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేలు గెలిచాడు. కొద్ది ఏళ్లలోనే గట్టి రబ్బరు పట్టాలు పోయాయి. వాటితోపాటే స్ప్రింగు చట్రాలూ చాలావరకు పోయాయి. గాలి ఉండగా ఇన్ని కీళ్లు, ఇంత బరువు ఎందుకనుకున్నారు.

గాలి టైరు అంత గొప్పదైనా రోడ్డులోని చిన్న గరుకునే మింగగలదు. పెద్ద గుంతను మింగలేదు. ఆ పని సీటుకు మిగిలింది. బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనుల సామాను, తోలు వస్తువులు చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లోనే సైకిలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు. తన గుర్రం చనిపోతే సైకిలు అరువు తెచ్చుకున్నాడనీ, దాని సీటు బాధ భరించలేక ఈ పనికి పూనుకున్నాడనీ ఆ కంపెనీ చెప్పుకునే కథ. ఆయన సీటులో మందపాటి తోలును ముందూ వెనకా ఇనప చట్రానికి రివెట్లతో బిగలాగి కడతారు. కింద ఏమీ ఉండదు. తోలే ఊయల. తొక్కగా తొక్కగా అది కూర్చునేవాడి ఎముకల అచ్చుకు దిగుతుంది. కుంగిపోతే ముక్కు దగ్గరి నట్టు తిప్పి మళ్లీ బిగించుకోవచ్చు. తర్వాత ఇలాంటి తోలు సీట్ల కింద చుట్ల స్ప్రింగులు చేరాయి.

డెన్మార్క్ నుంచి ఇంగ్లండులోని డర్స్‌లీ ఊరికి వచ్చి స్థిరపడ్డ మికేల్ పెడర్సన్ ఇంకో అడుగు వేశాడు. ఆయన ముందు సీటు తయారుచేసుకున్నాడు. తాళ్లతో అల్లి, రెండు కొసలా బిగించి వేలాడదీసిన ఊయల అది. ఆ ఊయలను మోయడానికి తగిన చట్రాన్ని తర్వాత గీసుకుని 1890ల్లో పేటెంటు పొందాడు. సైకిలంటే ముందు చట్రం, ఆ తర్వాత సీటు అని అందరూ అనుకునే రోజుల్లో, మనిషి కూర్చునేచోటు నుంచి లెక్క మొదలుపెట్టిన ఆయన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

స్ప్రింగు సీటులోంచి రాడ్డులోకి దిగిన కథ అమెరికాది. 1900 ప్రాంతంలో బఫెలో నగరంలోని పియర్స్ కంపెనీ కుషన్ ఫ్రేమ్ సైకిళ్లు అమ్మింది. సీటు దగ్గరికి వచ్చే వెనక కడ్డీల పైకొసలో స్ప్రింగు దాచేవారు. ఇదే కంపెనీ తర్వాత కార్లు కూడా చేసింది. 1912లో హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు సీటు గొట్టం లోపలే పొడవాటి స్ప్రింగు పెట్టి, దాని మీద సీటు రాడ్డును నిలబెట్టారు. సీటు మూడంగుళాలకు పైగా పైకీ కిందికీ ఆడేది. స్ప్రింగు బిగువును నడిపేవాడి బరువుకు తగ్గట్టు సర్దుకునే వీలుండేది. 1958లో వెనక చక్రానికి సస్పెన్షన్ వచ్చేదాకా, నలభై ఏళ్లకు పైగా ఆ ఏర్పాటే సాగింది. ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. తెనాలిలో నాన్న కళ్లతో చూసి చేసిన పనికి అక్కడ కర్మాగారంలోనే వీలు కల్పించారు. మనిషి బరువు తెలియకుండా స్ప్రింగు వేయకూడదన్న బుద్ధి రెండు చోట్లా ఒకటే.

మన దగ్గరికి వచ్చిన సైకిలు ఇంగ్లండు నల్ల సైకిలు. ర్యాలీ, హంబర్, హెర్క్యులిస్, బీఎస్ఏ. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో మొదలయ్యాయి. 1986 నాటికి హీరో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్లు తయారుచేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలో చేరింది. ఇవన్నీ దాదాపు ఒకే అచ్చు. 28 అంగుళాల చక్రం, లావు టైరు, వెనక్కి వాలిన పొడవాటి చట్రం, స్ప్రింగుల తోలు సీటు. కంకర రోడ్డు మీద, కాలవ గట్టు మీద, నల్లరేగడి ఎండి బిగుసుకున్న బండిజాడల్లో అవి మనుషుల్ని మోశాయంటే దాని వెనక ఈ నాలుగూ కలిసి చేసిన పని ఉంది.

తోలు సీటును కాపాడటం మా షాపులో ఒక క్రమం. వానలో తడిస్తే ఎండలో పెట్టనిచ్చేవాడు కాదు నాన్న, తోలు పగులుతుందని. నీడలో ఆరనిచ్చి, గుడ్డకు ఆముదం అద్ది పలచగా రుద్దించేవాడు. ఎక్కువ పట్టిస్తే తోలు సాగి జోలెలా వేలాడుతుందని నా చేతిలోంచి గుడ్డ లాక్కున్న రోజులున్నాయి. స్ప్రింగు కీచుమంటే కిరసనాయిలుతో మట్టి కడిగి, ఆ తర్వాతే గ్రీజు. మట్టి మీద గ్రీజు పూస్తే అది ఆకురాయిలా అరగదీస్తుందనేవాడు.

తర్వాత తోలు పోయి రెక్సిన్, నురుగు మెత్త వచ్చాయి. పిల్లల సైకిళ్లకు స్ప్రింగులు పోయి లావాటి మెత్తలు వచ్చాయి. మెత్త కూర్చోగానే బాగుంటుంది గాని గుంతలో పనికిరాదు. ఒక్క దెబ్బకు అడుగంటుతుంది. మెత్త చేసేది వేరు, స్ప్రింగు చేసేది వేరు. షాపులో కూర్చోబెట్టి చూసేవాళ్లు కూడా తగ్గారు. నాన్న వయసు మీదపడి షాపు మూసేశాడు.

స్ప్రింగు రాడ్డు మళ్లీ ప్రాణం పోసుకున్నది 1990ల్లో. కాలిఫోర్నియా కొండల్లో పుట్టిన మౌంటెన్ బైకులకు అప్పుడే ముందు ఫోర్కులో సస్పెన్షన్ వచ్చింది. ఫ్రాన్స్‌లో రాళ్ల దారుల మీద జరిగే పారిస్–రూబే పందెం 1992, 1993లలో గెలిచిన జిల్బేర్ డ్యూక్లో లాసాల్ సైకిలుకు కూడా సస్పెన్షన్ ఫోర్కు ఉంది. ముందు చేతులకు సుఖం దొరికింది. వెనక నడుం మిగిలిపోయింది. చట్రం మార్చకుండా, ఉన్న సైకిలుకే బిగించుకునే ఉపాయంగా సస్పెన్షన్ సీట్‌పోస్ట్ నిలబడింది. ఇప్పుడు మన నగరాల్లో గేరు సైకిళ్లు తొక్కే నా ఈడువాళ్లు, నడుం నొప్పివాళ్లు దీని గురించి అడుగుతున్నారు. వాళ్ల కోసం నాకు తెలిసింది చెప్తాను.

ఇందులో రెండు రకాలు. ఒకటి గొట్టంలో గొట్టం జారేది. చవక, తేలిక. కానీ సీటు రాడ్డు వెనక్కి వాలి ఉంటుంది. మన బరువు నిలువుగా పడుతుంది. అందువల్ల గొట్టం ఒక పక్కకు ఒరుసుకుని చిన్న కుదుపులకు పట్టేస్తుంది. పైగా కుంగినప్పుడల్లా సీటు పెడలుకు దగ్గరవుతుంది. రెండోది నాలుగు కీళ్ల కట్టు. సీటు కిందికీ వెనక్కీ ఒకేసారి వాలుతుంది. పెడలు దూరం పెద్దగా మారదు, రాపిడి తక్కువ. విప్పెట్ వాళ్లు పట్టించుకున్న విషయమే ఇది. ఈ రకంలో థడ్‌బస్టర్ అనే రాడ్డుకు కీళ్ల మధ్య రబ్బరు దిమ్మలుంటాయి. సన్‌టూర్ ఎన్‌సీఎక్స్‌లో చుట్ల స్ప్రింగు ఉంటుంది, 50 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. రెడ్‌షిఫ్ట్ షాక్‌స్టాప్ 35 మిల్లీమీటర్లు. రోజూ దూరాలు తొక్కేవాళ్లు డబ్బు కూడబెట్టుకునైనా కీళ్ల రకమే కొనాలని నా అభిప్రాయం.

కొనేముందు పాత రాడ్డు తీసి దాని మందం చూసుకోండి. సాధారణంగా అడుగున అంకె కొట్టి ఉంటుంది: 27.2, 30.9, 31.6. కొత్త రాడ్డు సన్నమైతే మధ్యలో తొడుగు వేసి సరిపెట్టవచ్చు. లావైతే ఏమీ చేయలేం. మన పాత నల్ల సైకిలు రాడ్డు సన్నం. ఇవి అందులో దిగవు, దానికి స్ప్రింగు సీటే మేలు. చట్రం పైఅంచు నుంచి సీటు దాకా ఎంత ఎత్తుందో కూడా కొలవండి. స్ప్రింగు కట్టుకు చోటు కావాలి. పొట్టివాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఆ తర్వాత బరువు. మీ బరువుకు తగిన స్ప్రింగు, దిమ్మ దొరుకుతాయో లేదో అడిగి తెలుసుకున్నాకే డబ్బివ్వండి. బిగించాక ఎక్కి కూర్చోండి. మొత్తం కదలికలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కుంగాలి. అంతకన్నా తక్కువైతే స్క్రూ వదులు చేయాలి, ఎక్కువైతే బిగించాలి. అప్పటికీ కుదరకపోతే లోపలి స్ప్రింగే మార్చాలి. స్క్రూ రాడ్డు అంచు దాటి బయటికి రాకూడదు. కూర్చున్నప్పుడు ఎంత కుంగిందో అంత మేర సీటు పైకి లేపండి, లేకపోతే మోకాళ్లు నొప్పి పుడతాయి. రాడ్డు మీద కనీసం ఎంత లోపల ఉండాలో గీత ఉంటుంది. అది ఎప్పుడూ కనపడకూడదు.

జాగ్రత్తలు కూడా ఎక్కువేం కాదు. బురదలో తిరిగొస్తే కదిలే చోట్లు తుడవండి. వానాకాలం ముందూ తర్వాతా రాడ్డు చట్రంలోంచి పూర్తిగా తీసి, నీరు దిగి ఉంటే ఒంచేసి, గొట్టం తుడిచి గ్రీజు రాయండి. కార్బన్ చట్రమైతే గ్రీజు కాదు, దానికి విడిగా పేస్టు ఉంటుంది. జారే రకమైతే మెడ దగ్గరి మూత విప్పి, లోపల శుభ్రం చేసి పలచగా గ్రీజు పట్టించండి. సీటు ముక్కు పట్టుకుని ఇటూ అటూ ఊపి చూడండి. కొద్దిపాటి కదలిక మామూలే, అది పెరుగుతూ పోతుంటే లోపలి తొడుగులు అరిగినట్టు. రబ్బరు దిమ్మ గట్టిపడినా, పగిలినా మార్చేయండి. సీటు బిగించే బోల్టులు నెలకోసారి చూసుకోండి.

ఇంకో మాట. టైర్లలో గాలి రాయిలా కొట్టించుకుని, స్ప్రింగు రాడ్డు కొనేవాళ్లను చూశాను. ముందు గాలి మీ బరువుకు తగ్గట్టు తగ్గించి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిలు దారి లాంటి నున్నటి చోట మాత్రమే తిరిగేవాళ్లకు ఈ రాడ్డు అక్కర్లేదు. గుంతల వీధుల్లో రోజూ పనికి వెళ్లేవాళ్లకు, యాభై దాటినవాళ్లకు ఇది నిజమైన మేలు.

నూట యాభై ఏళ్లకు పైగా సాగిన ప్రయాణంలో స్ప్రింగు పట్టీలోంచి చట్రంలోకి, చట్రంలోంచి సీటులోకి, సీటులోంచి రాడ్డులోకి చోటు మార్చుకుంది. ఏ చోట ఉన్నా మనిషి బరువుకు సరిపడినప్పుడే అది పనిచేసింది. మీరు ఎంత ఖరీదైనది కొన్నా సరే, బిగించిన రోజున ఎక్కి కూర్చుని, పక్కవాళ్లెవరినైనా కిందికి వంగి చూడమనండి. ఎంత కుంగిందో కళ్లారా చూసి చెప్పమనండి. అది చూడకుండా మాత్రం షాపు గుమ్మం దాటకండి.